పాత పెట్టె, కొత్త బండి, ఉప్పుగాలి

సముద్రతీరమున కాపురముండు వారికి ఇనుమునుగూర్చి క్రొత్తగా చెప్పవలసినదేమియు లేదు. కిటికీ ఊచలు, బావి గిలక, గేటు బందులు, సైకిలు గొలుసు, అన్నియు ఏటేట ఉప్పుగాలికి పన్ను చెల్లించుచునే యుండును. మైపాడు, కొత్తకోడూరు, ఇస్కపల్లి, తుమ్మలపెంట, కృష్ణపట్నము: నెల్లూరు తీరమున ఏ యూరివారి నడిగినను ఈ మాటయే చెప్పుదురు. ఇప్పుడు ఆ పన్ను చెల్లించు వాటిలో ఇంటిముందు నిలిచిన కారు కూడ చేరినది. అది పెక్కిండ్లలో నెలనెల వాయిదాలపై కొన్న బండి. అప్పు తీరకముందే తుప్పు కనిపించినచో ఆ యింటివారి బాధ ఇంతింత కాదు.

చిన్ననాడు మేము ఈ విద్యను మా నాయనగారి ప్రీమియర్ పద్మిని బండిపై నేర్చుకొంటిమి. ఆదివారము ఉదయము బండిని వేపచెట్టు నీడకు త్రోసి, రెండు బాల్చీల నీటితో కడిగి, తోలుగుడ్డతో తుడిచి, మైనము పట్టించి, మధ్యాహ్న భోజనమువేళకు దానిలో మా ముఖములు చూచుకొనెడివారము. తరువాత చదువు, ఉద్యోగము, బదిలీలు వచ్చినవి. చాల ఏండ్లు మాకు కారు లేదు. ఇటీవల క్రొత్త బండి కొన్నపుడు అటకపైనున్న రేకుపెట్టెను దింపి తెరచితిమి. మైనపు డబ్బా, రబ్బింగు కాంపౌండు, గట్టిపడిన తోలుగుడ్డ, స్పాంజి, పాత పంచె పీలికలు, కిరోసిను సీసా, అన్నియు పెట్టినవి పెట్టినట్లే యున్నవి. పాత స్నేహితులను కలిసికొన్నంత సంతోషమైనది.

ఆ సంతోషములోనే ఒక పొరపాటు చేసితిమి. బానెట్టుపై పక్షిరెట్ట వలన ఏర్పడిన మచ్చను పోగొట్టవలెనని పాత కాంపౌండును గుడ్డకు తీసికొని, చిన్ననాటి అలవాటు చొప్పున బలముకొలది రుద్దితిమి. మచ్చ పోయినది. దానితోబాటు బానెట్టు అంచున రూపాయి బిళ్ళంత మేర వెలవెలబోయినది. ఎంత మైనము పట్టించినను మెరుపు తిరిగి రాలేదు. రంగుపని చేయు మేస్త్రికి చూపగా అతడు వ్రేలితో తడిమి, "అయ్యా, రంగు పోలేదండీ. రంగుమీది అద్దం పోయింది" అనెను. ఈ వ్యాసమున మేము చెప్పదలచినదంతయు ఆ మాటనుండియే మొదలైనది.

పాత బండ్లకును నేటి బండ్లకును రంగు వేయు పద్ధతిలోనే భేదము కలదు. 1920లలో కార్లకు నైట్రోసెల్యులోజు రంగులు వచ్చెను. తరువాత ఎనామెలు రంగులు వచ్చెను. ఈ రెండింటిలోను పై పొర మొదలు క్రింది పొర వరకు రంగు ఒక్కటే. ఎండకు పైభాగము వెలిసినచో దానిని కొంచెము అరగదీసిన చాలును, క్రింద తాజా రంగు కనబడును. మా నాయనగారి గుడ్డకు బండి రంగు అంటుకొనుట మాకు బాగుగ జ్ఞాపకము. అది ఆ నాటి పద్ధతికి సరియైన పనియే. రంగు మందముగా నుండెను గనుక ఆ నష్టమునకు బండి ఓర్చుకొనెను.

1980ల నుండి లోకమంతట వ్యాపించిన పద్ధతి వేరు. దానిలో రంగు పొర పలుచనిది; అందు మెరుపు లేదు. దానిపై రంగులేని పారదర్శకమైన పూతను వేయుదురు. దీనినే క్లియరు కోటు అందురు. మెరుపంతయు ఆ పూతదే. ఎండనుండి రంగును కాపాడునదియు అదియే. దాని మందము సామాన్యముగా 40 లేక 50 మైక్రానులు. మనిషి తలవెండ్రుక 70 మైక్రానుల మందముండునని తలచినచో ఈ పూత ఎంత పలుచనిదో ఊహింపవచ్చును. ఇక అంచులవద్ద అది మరింత పలుచగా నుండును. ఒక్కసారి అరిగిన పూత తిరిగి పెరుగదు. కనుక పాత బండిని రుద్దుట పెరుగును చిలుకుట వంటిదైనచో, కొత్త బండిని రుద్దుట కూడబెట్టిన సొమ్మును తీసి ఖర్చుచేయుట వంటిది. అవసరమైనపుడు తీయవచ్చును, ప్రతి ఆదివారము తీయరాదు.

మీ బండికి ఈ పూత కలదో లేదో తెలిసికొనుట సులభము. తలుపు లోపలి అంచువంటి మరుగుచోట శుభ్రమైన తెల్లగుడ్డతో కొంచెము పాలిషు పెట్టి మెల్లగ రుద్దవలెను. గుడ్డకు బండి రంగు అంటినచో అది పాత పద్ధతి రంగు. అంటనిచో పైన క్లియరు కోటు కలదని గ్రహింపవచ్చును. తెల్లబండికి మాత్రము నల్లగుడ్డ వాడవలెను.

ఇక ఉప్పు మాట. అల తీరమున విరిగినపుడు నురుగులోని బుడగలు పగిలి కంటికి కానరాని తుంపరలను గాలిలోనికి చిమ్మును. వానిలో నీరు కొంత యారి ఉప్పు మిగులును. గాలి దానిని ఊరిలోనికి మోసికొని వచ్చును. బరువైన తుంపరలు ఒడ్డునకు చేరువనే రాలిపోవును గనుక, మొదటి కిలోమీటరులో ఉప్పు మిక్కిలి యధికము. దూరము పెరిగినకొలది తగ్గును. నెల్లూరు పట్టణమునకు రమారమి 25 కిలోమీటర్ల దూరముననున్న మైపాడులో నివసించు వాని బండికిని, పట్టణములో నివసించు వాని బండికిని ఒకే వైద్యము పనికిరాదు.

ఈ ఉప్పు పొడిగా నున్నంతవరకు అంతగా కీడు చేయదు. కాని అది పొడిగా నుండదు. గాలిలో తేమ నూటికి 75 పాళ్లు దాటినచో సామాన్యమైన ఉప్పు తనంతట తానే నీరు పీల్చుకొని ద్రవమగును. సముద్రపుటుప్పులో కొంత మెగ్నీషియము క్లోరైడు కూడ కలదు. దానికి నూటికి 33 పాళ్ల తేమయే చాలును. వానకాలమున ఉప్పుజాడీలో నీరూరుటను ఎరుగని గృహిణి యుండదు. ఆ జాడీలో జరుగునదే కారు తలుపు అడుగునను జరుగును. పగలు ఆరినట్లు కనబడిన బండి రాత్రి మంచులో తిరిగి ఉప్పునీట తడియును. ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిసినచో తుప్పు పుట్టును; ఉప్పునీరు విద్యుత్తును సులభముగా ప్రసరింపజేయును గనుక ఆ పని త్వరపడును.

ఇది చిన్న సమస్య కాదు. తమిళనాట కారైకుడిలో 1953లో ప్రారంభమైన కేంద్ర విద్యుద్రసాయన పరిశోధన సంస్థవారు మండపము తీరమున లోహపు పలకలను సముద్రపు గాలికి ఉంచి అవి తుప్పుపట్టు వేగమును పరీక్షించిరి. దానికి చేరువనే, 1914లో ప్రారంభమైన పాంబను రైలు వంతెన ఉప్పుగాలితో నూరేండ్లు పోరాడినది. అంతటి ఇనుమునకే ఎడతెగని రంగు, ఎడతెగని కాపుదల కావలసివచ్చెను. మన బండి రేకు మందము ఒక మిల్లీమీటరునకు లోపలనే యుండును.

అయినను నేటి బండికి ఒక సౌకర్యము కలదు. కర్మాగారములో రంగు వేయుటకు ముందే బండి దేహమును మందుతొట్టిలో ముంచి, విద్యుత్తు సహాయమున మూలమూలలకు అడుగుపూత పట్టింతురు. ఈ పద్ధతి 1970ల తరువాత బాగుగ వ్యాపించినది. పెక్కు బండ్లలో కొన్ని రేకులకు జింకు పూత కూడ నుండును. అందువలన పాత బండ్లవలె నేటి బండి ఎక్కడబడిన అక్కడ తుప్పుపట్టదు. తుప్పు ప్రవేశించునది రాయి తగిలి పూత లేచినచోట, గీత పడినచోట, నీరు నిలిచిన అతుకులలోను. మేము చిన్ననాడు మెరుపుకొరకు పాటుపడితిమి. నేడు పాటుపడవలసినది ఈ చిల్లులను మూయుటకొరకు.

ఇంతవరకు చెప్పినది వినినవారు, "సరి, వారమునకొకసారి బాగుగ కడిగెదము" అని తలంతురు. ఇక్కడ మన తీరమునకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. కడుగు నీరు ఏది? సముద్రమునకు చేరువనున్న పెక్కు గ్రామములలో బోరునీరు ఉప్పగనుండును. ఉప్పుమళ్లు, రొయ్యలగుంటలు గల తావులలో ఇది మరింత యెక్కువ. త్రాగునీటిలో కరిగిన లవణములు లీటరునకు 500 మిల్లీగ్రాములకు మించకుండుట మంచిదని, వేరు నీరు లేనిచోట 2000 వరకు సరిపుచ్చుకొనవచ్చునని భారత ప్రమాణములు చెప్పుచున్నవి. లీటరునకు 3 గ్రాముల ఉప్పుగల బోరునీటితో బండిని కడిగి ఎండలో ఆరవిడిచినచో, మనము ఉప్పును కడుగుట లేదు, మన చేతులతో చల్లుచున్నాము.

నీటిని పరీక్షించుటకు యంత్రము అక్కరలేదు. అద్దపుముక్కపై ఒక చుక్క బోరునీరు, దాని ప్రక్కన ఒక చుక్క త్రాగునీరు ఉంచి నీడలో ఆరనీయవలెను. తెల్లని వలయము దట్టముగ మిగిల్చిన నీరు బండికి పనికిరాదు. అట్టి నీరు తప్ప వేరు లేనిచో, మురికి వదలించుటకు దానిని వాడి, చివర ఒక బాల్చీ మంచినీటితో పైనుండి క్రిందికి పోసి, వెంటనే తుడిచివేయవలెను. మన జిల్లాకు వర్షములో పెద్దభాగము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల వలన వచ్చును. ఆ దినములలో ఇంటి చూరునీటిని తొట్టిలో పట్టి యుంచినచో అంతకు మించిన కడుగునీరు లేదు. తాగునీటికే కటకటగా నుండు వేసవిలో బండికి ఒక్క బాల్చీ చాలును. ఆ బాల్చీ బండి అడుగునకును చక్రముల చాటునకును పోవుట మేలు.

కృష్ణపట్నము రేవు 2008లో ప్రారంభమైనది. దాని చెంత బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రములు వెలసినవి. ఆ త్రోవలలో తిరుగు బండ్లపై ఇసుకతోబాటు బొగ్గుదుమ్ము, బూడిద చేరును. బూడిదలో గాజువంటి గట్టి రేణువులుండును. పొడిగుడ్డతో ప్రొద్దున్నే బండిని దులుపు అలవాటు మన డ్రైవర్లలో చాలమందికి కలదు. ఆ గుడ్డ ఆ దుమ్ముతో కలిసి ఉప్పుకాగితముగా మారి, క్లియరు కోటుపై సాలెగూడువంటి సన్నని గీతలు పెట్టును. ముందు నీరు, తరువాతనే గుడ్డ: ఈ వరుస తప్పరాదు.

ఇప్పుడు మన రేకుపెట్టెకు వత్తము. అందులోని వస్తువులను మేము మూడు కుప్పలుగా వేరుచేసితిమి.

మొదటిది ఉంచదగినవి. కార్నౌబా మైనము బ్రెజిలు దేశపు తాటిజాతి చెట్టు ఆకులనుండి వచ్చునది. అది ఏండ్ల తరబడి నిలువ యున్నను చెడిపోదు. దానిలో కలిపిన ద్రావకము మాత్రము ఆరిపోవును. డబ్బాలో పగుళ్లు వారియున్నను, వ్రేలితో రాచినపుడు నున్నగ పరచుకొనినచో వాడవచ్చును. ఇసుకవలె పొడియగుచున్నచో పారవేయవలెను. మైనము క్లియరు కోటునకు హాని చేయదు. అయితే రోహిణికార్తె ఎండలో మాడిన బండిపై అది ఎక్కువకాలము నిలువదు. కావున వేసవిలో నెలకొకసారి పలుచగ పూయుట మంచిది. పాత పంచె పీలికలను తలుపు గడపలకు, చక్రములకు మాత్రము ఉంచుకొనవచ్చును. ఉతికిన బాల్చీలను ఎల్లప్పుడు ఉంచుకొనవలెను. ఒకటి సబ్బునీటికి, ఒకటి గుడ్డ జాడించుటకు.

రెండవది పరీక్షించి వాడదగినవి. నీరు పీల్చు తోలుగుడ్డను గోరువెచ్చని నీట నానబెట్టవలెను. మెత్తబడినచో అద్దములకు పనికివచ్చును. చిరిగినను, బూజు వాసన వేసినను విడువవలెను. బండి దేహమునకు మాత్రము మైక్రోఫైబరు గుడ్డ మేలు. దాని నూగు ఇసుకరేణువును లోనికి తీసికొనును. తోలుగాని స్పాంజిగాని దానిని పూతపై ఈడ్చును. ఈ గుడ్డలను నూలుబట్టలతో కలిపి ఉతుకరాదు. నేలబడిన గుడ్డను తిరిగి బండిపై పెట్టరాదు. సీసాలలోని పాత పాలిషును బాగుగ కుదిపి చూడవలెను. విరిగిన పాలవలె ముక్కలు తేలుచున్నచో దాని పని తీరినది.

మూడవది వదలివేయదగినవి. ఎండి గడ్డకట్టిన రబ్బింగు కాంపౌండు వీటిలో మొదటిది. మా బానెట్టును చెడగొట్టినది అదియే. దానిలోని మొరము పాత మందమైన రంగులకు తగినది. నేడు సన్నని మెరుగుపాలిషులు దొరకును. అవికూడ అక్కరపడిన చోటనే, అంచులు తప్పించి, చేతి బరువు వేయక వాడవలెను. బట్టలు ఉతుకు సబ్బుపొడి, చాకలిసోడా మైనమును ఊడ్చివేయును. కిరోసిను తారుమచ్చలను పోగొట్టునది నిజమే; కాని రబ్బరును, ప్లాస్టికును పాడుచేయును. బండి అడుగున పాత ఇంజను నూనె చిమ్మించు ఆచారము ఒకప్పుడు సర్వీసు స్టేషనులలో నుండెను. ఆ నూనె వలన నేటి బండ్ల రబ్బరు బుషులు ఉబ్బి చెడును. దుమ్ము అంటుకొని లోపలి తేమను పట్టి యుంచును. కారిన నూనె నేలను, నీటిని చెడగొట్టును. ఆ ఆచారము వదలదగినది.

పాత బండిలో లేక కొత్త బండిలో నున్నవి మరికొన్ని కలవు. ఒకప్పటి హెడ్‌లైట్లు గాజువి. నేటివి చాలవరకు పాలికార్బొనేటు ప్లాస్టికువి. వానిపై ఎండను ఆపు సన్నని గట్టిపూత యుండును. పసుపు పట్టిన లైట్లను పండ్లపేస్టుతో రుద్దుమని చెప్పువారు కలరు. అట్లు రుద్దినచో కొన్నాళ్లు తేటపడును. ఆ పూత పోవుటచే తరువాత మునుపటికన్న త్వరగా పసుపెక్కును. పెట్రోలుతో తుడిచినచో లోపల పగుళ్లు వచ్చును. వెనుక కెమెరా కంటికిని, బంపరులోని సెన్సారులకును మెత్తని తడిగుడ్డ చాలును. ఒత్తిడినీటి గొట్టమును వానికి దగ్గరగ పెట్టరాదు. మెరుపులేని మ్యాటు రంగు బండ్లపై మైనము పూసినచో అచ్చటచ్చట జిడ్డుమచ్చలు కట్టును.

అన్నింటికన్న ముఖ్యమైనది కంటికి కానరాని చోటు. ప్రతి తలుపు అడుగు అంచున నీరు బయటకు పోవుటకు చిన్న రంధ్రములుండును. ముందు అద్దము క్రిందనున్న జాలిలోను నీటిదారులు కలవు. వేపాకు, మట్టి చేరి ఇవి మూసికొనినచో తలుపు లోపల ఉప్పునీరు నిలిచి, రేకును లోపలినుండి తినును. బయట బుడగ కనబడునప్పటికి పని చేయిదాటి యుండును. నెలకొకసారి చీపురుపుల్లతో వీనిని శుభ్రపరచుటకు పది నిమిషములు పట్టును; కాసు ఖర్చు లేదు. అట్లే సముద్రపు టిసుకపైకి బండిని తీసికొనిపోయిన నాడు, లేక రొయ్యలగుంటల గట్లపై తిరిగిన నాడు, ఇంటికి రాగానే చక్రముల పైకప్పులను, అడుగును మంచినీటితో కడుగవలెను. మరునాటికి వాయిదా వేయరాదు. రాయి తగిలి పూత లేచినచోట, కడిగి ఆరబెట్టి, బండి రంగునకు సరిపోవు చిన్న రంగుసీసాతో చుక్క పెట్టవలెను. తడిసిన బండిపై ముసుగు కప్పరాదు. ఆ ముసుగు తేమను, ఉప్పును కలిపి బంధించును. గాలికి కదలుచు పూతను గీయును.

మా బానెట్టుపై మచ్చను మేస్త్రి సరిచేసెను. రూపాయి బిళ్ళంత చోటుకొరకు బానెట్టు అంతటికిని తిరిగి పూత వేయవలసి వచ్చెను. ఆ ఖర్చుతో చాల ఏండ్లకు సరిపడు షాంపూ, గుడ్డలు వచ్చియుండును. ఇప్పుడు మా రేకుపెట్టెలో మైనపు డబ్బా, పీలికలు, రెండు రకముల గుడ్డలు, ఒక రంగుసీసా, చీపురుపుల్లలు కలవు. కాంపౌండు లేదు. ఈ ఆదివారము మీరు మీ పెట్టెను దింపినచో, ముందుగా ఒక అద్దపుముక్కపై మీ యింటి నీటిచుక్కను ఉంచి చూడుడు. మిగిలిన పని దాని తరువాత మొదలుపెట్టవచ్చును.